బుధవారం తలస్నానం

జూన్ 4, బుధవారం

ఈ డైరీ బట్టల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. ఎవరికైనా చెబితే మా గవరపాలెం అంతా పాకుతుంది, చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. అందుకని ఇందులో రాస్తున్నాను.

లోహిత్ ఇవాళ చీకటి పడ్డాక వచ్చాడు. తల తడిగా ఉంది. కంపెనీలో షిఫ్టు సాయంత్రమే అయిపోతుంది. అచ్యుతాపురం నుంచి అనకాపల్లికి బండి మీద గంట కూడా పట్టదు.

"తల తడిసిందేటి బావా?" అన్నాను.

"కంపెనీలోనే తానం సేసేను. ఒంటినిండా మందుల దుమ్ము."

మా పెళ్ళయి మూడేళ్ళు. అప్పట్నుంచీ అదే కంపెనీ, అదే దుమ్ము. ఇన్నాళ్ళూ ఆ దుమ్ముతోనే ఇంటికి వచ్చాడు, నేనే వేణ్ణీళ్ళు పెట్టాను. అన్నం వడ్డించబోతే వద్దన్నాడు. క్యాంటీన్లో తిన్నాడట. ఆ క్యాంటీన్ సాంబారుని కుడితి అని తిట్టే మనిషి.

పోయిన బుధవారం కూడా ఇంతే. నాకేమీ అనుమానం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

జూన్ 5

మామూలుగానే ఉన్నాడు. పనసపొట్టు కూర రెండుసార్లు పెట్టించుకున్నాడు. నాదే పాడు బుద్ధి.

జూన్ 11, బుధవారం

మళ్ళీ తడి తల. దగ్గరికొస్తే నిమ్మకాయ సబ్బు వాసన. మా ఇంట్లో వాడేది చందనం సబ్బు.

విప్పిన చొక్కా తీసుకుని దొడ్లోకి వెళ్ళి వాసన చూశాను. సిగ్గు పడుతూనే చూశాను. వెన్న వాసన, వెల్లుల్లి వాసన. సెంటు వాసనొస్తే ఏడ్చేదాన్నేమో. వెన్న పూసుకునే ఆడది ఎవరుంటుంది? వండి పెట్టే ఆడదైతే ఉంటుంది. అది ఇంకా ఘోరం.

అత్త కూడా ఆ తడి తల చూసింది. లోహిత్ లోపలికి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"రోజూ ఇలాగే వత్తన్నాడేటే?"

"లేదత్తా. బుధవారాలే."

కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కలిపి, ఆకల్లేదని లేచిపోయింది. మామగారిని నేను చూడలేదు. నేను కాపురానికొచ్చేసరికే ఆయన ఫొటోలో ఉన్నాడు. ఆయనకి యలమంచిలిలో ఇంకో ఇల్లు ఉండేదని పక్కింటావిడ చెప్పింది. అత్త మాత్రం ఎప్పుడూ ఒక్క ముక్క అనలేదు.

జూన్ 15, ఆదివారం

మునిసిపాలిటీ వాళ్ళు వీధిలో పందుల్ని పట్టడానికి వలలు తెచ్చారు. అత్త చీపురు పట్టుకుని వాళ్ళ మీదికి వెళ్ళింది. "ఆ సామి మీకేటి అన్నాయం సేసినాడ్రా" అని ఒకటే గొడవ. సింహాచలం అప్పన్న వరాహ రూపం కదా. ఈ ఇంటికి ఆయనే ఇలవేల్పు. ఇక్కడ కోడి, చేప, మేక ఏదైనా వండొచ్చు గానీ పంది పేరు మాత్రం ఎత్తకూడదు. మురిక్కాలవలో పొర్లే పందిని కూడా అత్త సామి అనే అంటుంది.

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. చాలా రోజులకి నవ్వాను. లోహిత్ గదిలోంచి బయటికే రాలేదు.

జూన్ 18, బుధవారం

ఫోనుకి తాళం పెట్టాడు. ఎందుకని అడిగితే కంపెనీ రూలట.

తడి తలతో వచ్చి, కూనిరాగం తీసుకుంటూ మంచం మీద వాలాడు. మిగతా రోజుల్లో ఒళ్ళు హూనమై, విసుక్కుంటూ వచ్చే మనిషి. బుధవారం మాత్రం సంతోషంగా వస్తాడు. ఆ సంతోషమే నేను తట్టుకోలేకపోతున్నాను. విసుగంతా నాకు, సంతోషం ఇంకొకరికి.

మిషను ముందు కూర్చుని ఏడుస్తూ కుట్టాను. పెళ్ళివారి జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశాను. మళ్ళీ విప్పాలి.

జూన్ 19

అమ్మకి ఫోన్లో చెప్పేశాను. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా చీడికాడ నుంచి త్రినాధరావు మావయ్య ఫోను.

"ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వత్తాను. ఇద్దరు పెద్దమనుసుల్ని కూడా తెత్తాను. నువ్వేటీ బెంగెట్టుకోకు."

వద్దు అనాల్సింది. సరే అన్నాను.

జూన్ 20

ఎందుకు చెప్పానో.

జూన్ 25, బుధవారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

జాకెట్లు ఇచ్చి వస్తానని అత్తకి చెప్పి స్కూటీ తీశాను. అచ్యుతాపురం జంక్షన్లో టీ కొట్టు పక్కన, మొహానికి చున్నీ చుట్టుకుని నిలబడ్డాను. కట్టుకున్న మొగుడి కోసం దొంగలా కాపు కాయాల్సి వచ్చిందే అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంతలో లోహిత్ బండి వచ్చింది. కొండకర్ల వైపు తిరిగింది. వెనకే వెళ్ళాను.

ఊరి మొదట్లో ఒక మేడ ముందు ఆగి, బయటి మెట్ల మీంచి పైకి వెళ్ళాడు. తలెత్తి చూస్తే మేడ మీద తాడుకి పసుపు రంగు చీర ఆరేసి ఉంది. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. చూడకపోతే జరగనట్టే కదా అని కూడా అనిపించింది. తరవాత కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను మెట్లెక్కించింది.

పైన చీర వెనకాల ఒక గ్యాస్ పొయ్యి, దాని ముందు గొంతుక్కూర్చున్న ఇద్దరు మగాళ్ళు. ఒకడు మా ఆయన. రెండోవాడు అయ్యప్ప. లోహిత్‌తో ఐటీఐ చదివాడు, పూడిమడక మనిషి. ఓడల్లో వంటవాడు. మా పెళ్ళికొచ్చి నాకు విదేశీ చాక్లెట్లు ఇచ్చాడు. సెలవు మీద వచ్చాడని కూడా నాకు తెలీదు.

లోహిత్ చేతిలో పట్టకారు కింద పడింది.

"ఆడదేది?" అన్నాను.

"ఏ ఆడది?" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే అబద్ధం ఆడే తెలివి కూడా ఉన్నట్టు లేదు.

"ఆ సీర ఎవులిది?"

"కింద ఓనరమ్మది సెల్లమ్మా," అన్నాడు అయ్యప్ప. "ఉండు, ఇప్పుడు తిప్పకపోతే మాడిపోద్ది. ఒక్క నిమిషం ఆగి ఇద్దర్నీ తిట్టు."

పొయ్యి మీద దళసరి ఇనుప పెనం. అందులో అరచేయంత ముక్కలు రెండు, ఎముకతో సహా కోసినవి, బొటనవేలంత మందం. అయ్యప్ప పడ్డ పట్టకారు తీసుకుని కడిగి, ఒక ముక్కని నిలబెట్టి, అంచున ఉన్న కొవ్వుని పెనానికి ఆనించి పట్టుకున్నాడు. చిటపటమంది.

"ఏటది?"

"పోర్క్ చాప్," అన్నాడు అయ్యప్ప. లోహిత్ తల వంచుకున్నాడు.

"అంటే?"

"సామి," అన్నాడు లోహిత్, నేల చూస్తూ.

నేను ఆ మెట్ల మీదే కూలబడ్డాను. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. అయ్యప్ప కంగారు పడ్డాడు గానీ పెనం వదల్లేదు. గుండెల మీంచి బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను పందిని పట్టాను.

లోహిత్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అయ్యప్ప వారం వారం విశాఖ వెళ్ళి కొనుక్కొస్తాడట. వాళ్ళమ్మ పూడిమడక ఇంట్లో చేప తప్ప ఇంకేదీ గుమ్మం దాటనివ్వదని, వంట కోసమే ఈ గది అద్దెకి తీసుకున్నాడట. ఒకసారి లోహిత్‌కి పెట్టాడు. అంతే.

"ఇరవై నిమిషాల్లో వంటయిపోద్ది ఇందూ. పొద్దున్నుంచీ ఆ రియాక్టర్ల దగ్గర నిలబడతాను కదా, ఇక్కడ కూకుని ఇది తింటే ప్రాణం లేచొత్తాది. తిన్నాక తల మీంచి నీళ్ళోసుకుని వత్తన్నాను. ఇది తిని అప్పన్న పటం ఉన్న ఇంట్లోకి అలగెలా వత్తాను?"

"నాకెందుకు సెప్పలేదు?"

"నీకు సెప్తే అమ్మకి సెప్పేత్తావు."

నా నోరు అంత పల్చనా అని కోపం వచ్చింది. అప్పుడు అమ్మకి చేసిన ఫోను గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అయ్యప్ప మంట తగ్గించి, వెన్న వేసి, నలగ్గొట్టిన వెల్లుల్లి వేసి, కరిగినదాన్ని చెంచాతో ముక్కల మీద పోస్తూ కూర్చున్నాడు. దించాక కంచం బోర్లించి కాసేపు ఊరుకోమన్నాడు. వెంటనే కోస్తే రసమంతా కారిపోయి పీచవుతుందట. లోహిత్ తింటుంటే చూశాను. నేను ముట్టలేదు. పెనంలో మిగిలిన వెన్న మాత్రం వేలితో నాకాను. వెన్నే కదా.

ఇంటికొస్తుంటే దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాను. స్కూటీ మీద పిచ్చిదాన్ననుకుని ఉంటారు.

జూన్ 26

మావయ్యకి ఫోన్ చేశాను. పొరపాటు పడ్డాను, రావద్దు అన్నాను.

"బెదిరించేడా?"

"లేదు మావయ్యా. అలాంటిదేటీ లేదు. నా కళ్ళతో సూసేను."

"మరి బుధవారాలు ఎక్కడికెల్తన్నాడు?"

ఏం చెప్పను? మావయ్యకి చెబితే అమ్మకి, అమ్మకి చెబితే అత్తకి.

"సెప్పలేవు. అదీ సంగతి," అన్నాడు మావయ్య. "ఆడకూతురు ఇలా మాట మార్సిందంటే ఇసయం ముదిరిందన్నమాట. ఇద్దరు కాదు, ముగ్గుర్ని తెత్తాను."

జూన్ 27

లోహిత్‌తో అంతా చెప్పేశాను. నామీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఆళ్ళతో ఏటైనా సెప్పు. అది మాత్రం సెప్పకు. అమ్మ బతకదు," అన్నాడు.

జూన్ 29, ఆదివారం

అప్పన్న పటం కింద లోహిత్‌ని కూర్చోబెట్టారు. ఎదురుగా మావయ్య, ఆయన వెంట ముగ్గురు పెద్దమనుషులు. అత్త గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను కాఫీ గ్లాసులు ఇచ్చి గోడ పక్కకి వెళ్ళాను. నేను పిలిచిన పంచాయితీలో నేనే దొంగలా ఉన్నాను.

"అల్లుడూ, మేమేటీ గొడవకి రాలేదు," అన్నాడు మావయ్య. "బుధవారాలు ఎక్కడికెల్తన్నావో సెప్పు. సాలు."

"ఫ్రెండు రూముకి మావయ్యా."

"ఫ్రెండు ఆడా, మగా?"

"మగోడే."

"మగోడి రూములో నీకు తలతానమేటి?"

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను "మావయ్యా" అన్నాను. "నువ్వుండమ్మా" అన్నాడు. గుమ్మడికాయ దొంగెవడంటే భుజాలు తడుముకున్నట్టు లోహిత్ జుట్టు సవరించుకుంటున్నాడు.

"తప్పయిపోయింది మావయ్యా," అన్నాడు చివరికి. "ఇంకెల్లను."

"ఒప్పుకున్నాడు," అన్నాడు ఒక పెద్దాయన, పని అయిపోయినట్టు.

అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. పొయ్యి గట్టు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆల బాబూ ఇలాగే తానం సేసొచ్చీవోడు," అంది మామగారి గురించి, నా వైపు చూడకుండానే. "నాను నీల్లు తోడి పెడితే తానం అయిపోనాది అనీవోడు. ఎన్నేల్లు తోడి పెట్టేనో. ఆడి కడుపున పుట్టినోడైనా అలగవ్వకూడదని కొండ సుట్టూ తిరిగేను."

ఈ మాటలు ఆవిడ ఇదివరకు ఎవరికీ చెప్పి ఉండదు. లోహిత్‌కిచ్చిన మాట గుర్తుంది. అయినా ఈవిణ్ణి ఆ పొయ్యి దగ్గర అలా నిలబెట్టి నేను నోరు మూసుకోలేకపోయాను.

"అత్తా, ఆడమనిసి లేదు. నేనెల్లి సూసేను."

"నాకు నచ్చసెప్పకు."

"పంది మాంసం అత్తా. పెనం మీద ఏపుకుని తింటన్నాడు. అది తిని అప్పన్న ఇంట్లోకి రాకూడదని తానం సేసి వత్తన్నాడు."

అత్త ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. మూర్ఛపోతుందేమో అని చెయ్యి పట్టుకున్నాను.

"పందా?"

"పందే."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

"ఆడది కాదు."

"కాదత్తా."

అత్త అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే భుజాలు ఎగిరెగిరి పడుతూ నవ్వింది. నాకూ ఆగలేదు.

తరవాత మొహం తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది.

"ఒరే ఎదవా. పంది తిన్నానని సెప్పడానికి నీకు నోరు పెగల్లేదు గానీ, నలుగురిలో తప్పయిపోయిందనడానికి పెగిలిందేట్రా?"

లోహిత్ పాలిపోయి నావైపు చూశాడు. పెద్దాయన "పందేటి?" అన్నాడు.

"నీకు అప్పన్నంటే..." అన్నాడు లోహిత్.

"అప్పన్నకి నాను సెప్పుకుంటాను. ఆయనకి తెలవనిదేటుంది? నాకెవులు సెప్తార్రా? నాకు సెప్పడానికి నీకేటి అడ్డమొచ్చినాది?"

లోహిత్ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అత్త కొడుకు నెత్తిన ఒకటి మొట్టింది. గట్టిగానే మొట్టింది. తను సింహాచలం కొండ చుట్టూ తిరిగొచ్చేదాకా ఆ తిండి జోలికి వెళ్ళొద్దంది. అప్పన్నకి చెప్పుకున్నాక చూద్దామంది.

మావయ్య కాస్త చిన్నబోయాడు. అంత దూరం నుంచి పెద్దమనుషుల్ని తెచ్చి పంది మాంసం పంచాయితీ చేసినట్టయింది. భోజనాలు చేసి వెళ్ళేటప్పుడు మాత్రం లోహిత్‌ని బండి దగ్గరికి తీసుకెళ్ళి, "విశాకలో ఏ సెంటర్లో దొరుకుద్ది అల్లుడూ?" అని గుసగుసగా అడిగాడట.

జూలై 2, బుధవారం

వెలుగుండగానే ఇంటికొచ్చాడు. జుట్టునిండా దుమ్ము. ఉల్లిపాయ వేసి గుడ్డట్టు వేశాను. తిన్నాడు. విసుక్కున్నాడు కూడా. ఆ విసుగు నాకు ఎంత హాయిగా ఉందో.

జూలై 9, బుధవారం

అత్త గిరి ప్రదక్షిణకి వెళ్ళింది. లోహిత్ సింహాచలంలో కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర దింపి వచ్చాడు. ఇల్లు ఖాళీగా ఉంది. అయ్యప్ప ఫోన్ చేసి ముక్కలు తెచ్చాను రమ్మన్నాడు. లోహిత్ రానన్నాడు. "అమ్మ కొండ సుట్టూ నడుత్తుంటే నాకు దిగదురా," అన్నాడు.

ఇద్దరం పప్పన్నం తిని పడుకున్నాం. నాకు దిగులుగానే ఉంది. ఆ కొండ దగ్గర అత్త మనసు తిరిగిపోతే? లోహిత్ మళ్ళీ చాటుగా మొదలుపెడతాడు. నేను మళ్ళీ చొక్కాలు వాసన చూస్తూ కూర్చోవాలి. అంతా తెలిసి కూడా చూస్తాను, నా సంగతి నాకు తెలుసు.

జూలై 10

అత్త పొద్దున్న వచ్చింది. పాదాలు పొంగిపోయాయి. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు పెట్టి, పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను. అడగడానికి భయం. చివరికి అడిగాను.

"సెప్పేవా అత్తా?"

"సెప్పేను. కొండ సుట్టూ సెప్తానే నడిసేను."

"మరి?"

"ఆయనేటంటాడు? ఆల బాబు సంగతి సెప్పుకున్ననాడూ ఏటీ అన్లేదు."

నా చేతులు ఆగిపోయాయి. అత్త నా మొహం చూసి, పట్టు పట్టు, ఆపకు అంది. తనే మళ్ళీ అంది.

"తినమను. ఈ ఇంట్లో వొద్దు, బయట తినమను. కానీ తానం సేసి రావొద్దను. ఎలాగున్నోడు అలగే రమ్మను. తానం ఇక్కడే సేత్తాడు. నీల్లు నాను తోడతాను."

జూలై 16, బుధవారం

ఈసారి నేనూ కొండకర్ల వెళ్ళాను. పెనం నేనే పట్టుకున్నాను. ముక్కల్ని గుడ్డతో తడి లేకుండా అద్ది, ఉప్పు, మిరియాలు పట్టించి, పెనం పొగలొచ్చాక వేశాను. తిప్పాలని చెయ్యి ఊరుకోలేదు. "కదపకు సెల్లమ్మా, దాని మానాన దాన్నొదిలీ. అదే వదులుద్ది," అన్నాడు అయ్యప్ప. నిజంగానే కాసేపటికి పెనాన్ని అదే వదిలింది. తిప్పితే ఎర్రగా కాలి ఉంది. వెన్న, వెల్లుల్లి, దించేముందు మన బెల్లం చిటికెడు వేశాను. అది నా సొంతం. అయ్యప్ప రుచి చూసి, ఓడలో ఇలా వేస్తే కెప్టెన్ జీతం పెంచుతాడన్నాడు.

మొదటి ముక్క కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను. రెండోది తెరిచే తిన్నాను. ఎముక కూడా వదల్లేదని లోహిత్ ఇంటిదాకా ఏడిపించాడు.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. బండి దిగిన లోహిత్‌ని మెట్టు మీదే ఆపింది. కొంగు చేతిలో పట్టుకుంది గానీ ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. కొడుకు భుజం దగ్గరికి వంగి గట్టిగా పీల్చింది. లోహిత్ పరీక్ష రాసిన పిల్లాడిలా బిగుసుకుని నిలబడ్డాడు.

"పందే," అంది. "పద దొడ్లోకి."

తరవాత నా వైపు తిరిగింది. నేను వెనక్కి జరిగాను. వదల్లేదు. నా మెడ దగ్గరా పీల్చింది. నేను తల దించుకున్నాను.

"నువ్వూనేటే?"

"ఊఁ."

తిడుతుందనుకున్నాను. చాలాసేపు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరూ ఎల్లేరు కదా," అంది. "అయితే సాల్లే."

దొడ్లో రెండు బకెట్లూ నిండా తోడి పెట్టి ఉన్నాయి.